కొలువు విడిచిన పిదప: వేతన బాకీ, సెలవుల హక్కు

విద్య ముగించుకొని ఉద్యోగంలో ప్రవేశించే యువకులకు నియామకపు ఉత్తర్వుపై ఉండే శ్రద్ధ, ఉద్యోగం విడిచేనాటి లెక్కపై సాధారణంగా ఉండదు. చివరి నెల జీతం, వాడుకొనని సెలవులకు రావలసిన పైకం అనేకులకు అందకుండా పోవడానికి ఈ అశ్రద్ధ ఒక కారణం. "ఇక ఆ గడప తొక్కను" అని అభిమానానికి పోయి ఊరకుండటం వల్ల నష్టపోయేది ఉద్యోగి మాత్రమే. వేతనం యజమాని దయాధర్మం కాదు. అది చేసిన పనికి ప్రతిఫలం.

1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం, యజమాని తొలగించిన వారికి రెండవ పనిదినం ముగిసేలోగా బాకీ చెల్లించాలని విధించింది. తనంత తానుగా రాజీనామా చేసిన వారికి ఆ నియమం వర్తించలేదు. 2019 నాటి వేతనాల స్మృతి ఈ భేదాన్ని తొలగించింది. ఈ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. దీని ప్రకారం తొలగింపు అయినా, రాజీనామా అయినా రెండు పనిదినాలలో వేతనం చెల్లించాలి.

సెలవుల సంగతి 2020 నాటి వృత్తి భద్రతా స్మృతిలో ఉన్నది. పదిమంది లేక అంతకు మించి పనిచేసే సంస్థలలో, సంవత్సరంలో 180 దినాలు పనిచేసిన కార్మికునికి ప్రతి 20 దినాలకు ఒక దినం చొప్పున వేతనంతో కూడిన సెలవు లభిస్తుంది. ఉదాహరణకు 200 దినాలు పనిచేసిన వానికి 10 సెలవులు. అందులో నాలుగు వాడుకొని ఉద్యోగం విడిచితే, మిగిలినవి ఆరు. దినవేతనం 500 రూపాయలైతే అతనికి 3,000 రూపాయలు రావాలి. అంతకంటె చిన్న దుకాణాలలో పనిచేసేవారు తమ రాష్ట్రపు దుకాణాల చట్టాన్ని, నియామక షరతులను చూచుకోవాలి.

ఇక బాకీ రాబట్టుకొనే క్రమం. మొదట హాజరు దినాలు, సెలవులు, జీతపు చీటీలు, బ్యాంకు ఖాతా వివరాలు చేర్చి లెక్క సిద్ధం చేసుకోవాలి. ముందస్తు నోటీసు ఇవ్వకుండా మానితే ఆ మేరకు కోత విధించే షరతు ఉన్నదేమో పరిశీలించాలి. పిమ్మట ఆ లెక్కను మర్యాదగా లేఖ రూపంలో స్పీడు పోస్టులో పంపి, రసీదు, లేఖ నకలు భద్రపరచాలి. నోటిమాటకు సాక్ష్యం దొరకదు, కాగితానికి దొరుకుతుంది.

జవాబు రాకపోతే కార్మిక శాఖను ఆశ్రయించాలి. స్మృతి నిర్దేశించిన అధికారి ఎదుట ఉద్యోగి స్వయంగా గాని, కార్మిక సంఘం ద్వారా గాని దరఖాస్తు చేయవచ్చు. గడువు మూడు సంవత్సరాలు. పాత చట్టంలో అది పన్నెండు మాసాలే. వేతనం చెల్లించినట్లు రుజువు చేసే భారం యజమానిదే. అధికారి బాకీతో పాటు దానికి పదిరెట్ల వరకు పరిహారం విధించవచ్చు. యజమాని అప్పటికీ చెల్లించకపోతే ఆ మొత్తాన్ని భూమిశిస్తు బకాయి వలె వసూలు చేసే ఏర్పాటు కలదు.

ఒక్క హెచ్చరిక. పైకం చేతికి రాకముందే "నాకు రావలసినదంతా ముట్టినది" అనే ఫారఖతిపై సంతకం చేయరాదు. అనుభవ పత్రం కావాలన్న తొందరలో చేసిన ఆ సంతకమే తరువాత ఎదురు సాక్ష్యంగా నిలుస్తుంది. కొంత మొత్తమే ముడితే, ఆ మొత్తానికే రసీదు వ్రాసి ఇవ్వాలి.

రాజీ, రాజీనామా, బాకీ, వసూలు, రసీదు: ఈ మాటలన్నీ ఉర్దూలోను, తెలుగులోను మనకు సొంతమైనవే. వాటి వెనుక ఉన్న హక్కులను కూడ సొంతం చేసుకోవాలి. న్యాయమైన రాజీ కుదిరితే అంగీకరించడం వివేకం. హక్కు తెలియక వదులుకోవడం మాత్రం ఔదార్యం అనిపించుకోదు. మన విద్యార్థులు తమ లెక్క తాము చూచుకోవడమే గాక, చదువురాని తోటి కార్మికునికి ఒక దరఖాస్తు వ్రాసి పెట్టగలిగితే వారి విద్య సార్థకమవుతుంది.