పేరు మారింది.. కోడ్ మారలేదు!

కడప/కర్నూలు: ఆంగ్లంలో ‘సి’ అక్షరంతో మొదలయ్యే కడప పేరును 2005లో ‘కె’తో మొదలయ్యేలా ప్రభుత్వం సవరించిన విషయం విదితమే. బోర్డులు మారాయి. రైల్వే స్టేషన్ కోడ్ మాత్రం నేటికీ ‘హెచ్ఎక్స్’గానే కొనసాగుతోంది. (కర్నూలు-కడప కాలువ సైతం ఇప్పటికీ కేసీ కాలువే!) పేరు ప్రజల కోసం, కోడ్ యంత్రాల కోసం. రెండో దాన్ని కదపనందువల్లే టిక్కెట్ల వ్యవస్థలకు ఇబ్బంది రాలేదు.

ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరొకటి సమాచారం కోరి తీసుకునే ద్వారాన్ని నిపుణులు ఏపీఐ అంటారు. దాన్ని అందరికీ తెరిచాక ఎవరెవరు వాడుతున్నారో నిర్వాహకులకు పూర్తిగా తెలియదు. కనుక కొత్త వివరం చేర్చడం సులభం; ఉన్నదాన్ని తొలగించడం, అర్థం మార్చడం ప్రమాదకరం.

వాహనాల నంబర్లే ఇందుకు నిదర్శనం. ఏపీ 21 అంటే కర్నూలు, ఏపీ 04 అంటే కడప. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 పేరిట ఒకే సిరీస్ ప్రవేశపెట్టారు. పాత నంబర్లను రద్దు చేయకపోవడంతో యజమానులకు ఇక్కట్లు తప్పాయి. అయితే నంబరును బట్టి జిల్లాను గుర్తించే అలవాటు ఒక్కసారిగా పనికిరాకుండా పోయింది. అదే లెక్కతో రాసుకున్న సాఫ్ట్‌వేర్ కొత్త వాహనం ఏ జిల్లాదో చెప్పలేదు. ఎవరూ హామీ ఇవ్వని లక్షణంపైనా వినియోగదారులు ఆధారపడతారన్నది ఇక్కడ గమనార్హం.

అర్థం మార్చక తప్పనప్పుడు పాత ఏపీఐని అలాగే ఉంచి, పక్కనే కొత్త వెర్షన్ నడపడం ఆనవాయితీ. గడువును ముందే ప్రకటించి, పాతదానికి వచ్చే అభ్యర్థనలు దాదాపు ఆగాకే మూసివేస్తారు. గడువు ప్రకటించి చేతులు దులుపుకొంటే చాలదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాల సంఖ్య 13 నుంచి 26కు పెరిగి, నంద్యాల ప్రత్యేక జిల్లాగా ఆవిర్భవించింది. పట్టణ పిన్‌కోడ్ 518501 యథాతథంగా ఉంది. కానీ 2021లో అక్కడ జారీ అయిన ధ్రువపత్రంపై ‘కర్నూలు జిల్లా’ అనే ఉంటుంది. ‘జిల్లా’ గడిలో పేరును నేరుగా మార్చేస్తే పాత పత్రంతో పొంతన కుదరక విద్యార్థి దరఖాస్తు తిరస్కరణకు గురికావచ్చు. అందుకే ఆ గడిని ముట్టుకోకుండా, ‘ప్రస్తుత జిల్లా’ పేరిట మరో గడి చేర్చి, పాత పత్రాలకు రెండు పేర్లనూ అంగీకరించడం మేలు.