ముక్కున ఒక ఇంజన్, తోకన మరొకటి

రాయపూర్ మానా విమానాశ్రయంలో రన్‌వే పొడవు రెండు కిలోమీటర్లకు పైనే. దాన్ని 150 మీటర్లకు కుదించి, సముద్రం మీద ఊగుతున్నట్టు ఊహించుకోండి. అమెరికా వారి చిన్న విమానవాహక నౌక ‘వేక్ ఐలాండ్’ డెక్ దాదాపు అంతే ఉండేది. 1945 నవంబరు 6న జేక్ వెస్ట్ అనే పైలట్ దాని మీదికి తిరిగి రావలసి ఉండగా, గాలిలోనే ముందున్న పిస్టన్ ఇంజన్ మొరాయించింది. వెంటనే తోకలోని జెట్ ఇంజన్ నడిపించి నౌక చేరాడు. విమానాలను ఆపడానికి డెక్‌పై అడ్డంగా కట్టే ఉక్కుతాళ్లలో చిట్టచివరిది అతని విమానం కొక్కేనికి చిక్కింది. జెట్ శక్తితో నౌకపై దిగడం అదే మొదలంటారు. అదీ అనుకోకుండా!

ఆ విమానం రయాన్ ఎఫ్‌ఆర్-1 ఫైర్‌బాల్. ఒకే విమానానికి రెండు రకాల ఇంజన్లు ఎందుకని మీరు అడగవచ్చు.

ప్రొపెల్లర్ ఎక్కువ గాలిని నెమ్మదిగా వెనక్కి నెడుతుంది. జెట్ తక్కువ గాలిని మహావేగంతో చిమ్ముతుంది. అందుకే తక్కువ వేగంలో ప్రొపెల్లర్‌ది పైచేయి, ఎక్కువ వేగంలో జెట్‌ది. పైగా ఆనాటి జెట్ ఇంజన్లు ఇంధనం తెగ తాగేవి. థ్రాటిల్ నెట్టాక పూర్తి బలం పుంజుకోవడానికి చాలా క్షణాలు తీసుకునేవి. డెక్‌పై దిగబోయి, గురి తప్పి, మళ్లీ పైకి లేవాలనుకున్న పైలట్‌కు ఆ క్షణాలే ప్రాణాంతకం. అందుకని దిగడానికీ, దూరప్రయాణానికీ పిస్టన్. పోరాటంలో అదనపు వేగానికి జెట్. రెండూ ఒకే పెట్రోలుతో నడిచేవి కాబట్టి వేరే ట్యాంకుల బెడద లేదు.

ఆలోచన తెలివైనదే. చిక్కల్లా బరువుతో. ఒక ఇంజన్ పనిచేస్తుంటే రెండోది మోత బరువే కదా! రెండూ కలిసి గంటకు సుమారు 650 కిలోమీటర్ల వేగమిస్తే, అదే కాలపు బేర్‌క్యాట్ ఒక్క పిస్టన్ ఇంజన్‌తోనే అంతకు మించి పరుగెత్తింది. ఫైర్‌బాల్ తొలి నమూనాలు మూడూ కూలిపోయాయి. యుద్ధం ముగియడంతో పెద్ద ఆర్డరు రద్దయి, 66 మాత్రమే తయారయ్యాయి. 1947కల్లా వాటిని పక్కన పెట్టేశారు. 1945 డిసెంబరులోనే బ్రిటన్‌కు చెందిన ఎరిక్ బ్రౌన్ పూర్తి జెట్ విమానం వాంపైర్‌ను ‘ఓషన్’ నౌకపై దింపి చూపాడు మరి.

ఈ జంట ఇంజన్ల ఊహకు మన తూర్పుతీరంతోనూ దూరపు చుట్టరికం ఉంది. ఫ్రాన్సులో బ్రెగే సంస్థ 1951లో ‘వుల్టూర్’ అనే నౌకా విమానం ఎగరేసింది. ముందు టర్బోప్రాప్, అంటే ప్రొపెల్లర్‌ను తిప్పే గ్యాస్ టర్బైన్. వెనుక నీన్ జెట్. దాని నుంచి పుట్టిందే ‘అలిజే’. 1961 నుంచి మన ‘విక్రాంత్’ మీద ఎగిరిందీ, 1971 డిసెంబరులో బంగాళాఖాతంలో పాల్గొన్నదీ అదే. ఆ విక్రాంత్‌ను వెదుకుతూ వచ్చిన ‘ఘాజీ’ జలాంతర్గామే విశాఖ దగ్గర మునిగింది.

అలిజేలో వెనుక జెట్ లేదు. దాన్ని తీసేసి, జలాంతర్గాముల జాడ పట్టడానికి పొట్ట కిందికి దించి మళ్లీ లోపలికి లాక్కునే రాడార్ గుమ్మటం అమర్చారు.