పెద్దత్తయ్య జోళ్లు

బరంపురంలోని మా పాత యింట్లో ట్రంకుపెట్టె తెరిస్తే, పట్టుచీరల క్రింద ఆడవారి జోళ్ల జత ఒకటి బయటపడింది. నల్లతోలు, ఎత్తైన సన్నని మడమ. "రంగూనులో కొన్నది. 1942లో బర్మానుంచి నడిచివచ్చినప్పుడు అవి వదలకుండా తెచ్చుకొంది" అని కీర్తిశేషురాలైన మా పెద్దత్తయ్యను గురించి యింట్లో అందరూ చెప్పుకొనేవారు. గోపాలపూరు రేవులో స్టీమరెక్కిన కుటుంబాలన్నిటికీ ఇటువంటి కథ ఒకటుంటుంది. మేమూ నమ్మాము.

కాని జోడు తిరగేసి చూస్తే అడుగుతోలు మీద చెక్కుచెదరని అక్షరాలు: "మేడ్ ఇన్ వెస్టర్న్ జర్మనీ."

పశ్చిమ జర్మనీ ఏర్పడినదే 1949లో! అంతకు ముందరి సరుకు మీద ఉత్త "మేడ్ ఇన్ జర్మనీ" అని ఉండేది. 1887 నాటి బ్రిటిషు చట్టం వల్ల వచ్చిన ముద్ర అది. 1945-49 మధ్య, అమెరికావారి ఏలుబడిలో ఉన్న భాగంలో తయారైన వాటిపై "యు.ఎస్. జోన్" అని కూడా వేసేవారు. "డి.ఆర్.జి.ఎం." అని కనిపిస్తే, ఆ నమూనా 1891 తరువాత, రెండవ యుద్ధం ముగిసేలోపల రిజిస్టరైనదన్నమాట.

లోపల 4½ అని ఉంది. పిల్లల జోడని పొరబడరాదు. జర్మనులు ఇంగ్లీషు కొలత కూడా వాడేవారు. 37, 38 అని ఉంటే అది పారిస్ కొలత. అంకెను బట్టి కాలం తేలదు.

మడమ మాత్రం చెబుతుంది. ఇంత సన్నని మడమ విరగకుండా లోపల లోహపు కడ్డీ దూర్చడం 1950ల నడుమ వచ్చిన పద్ధతి. యుద్ధకాలంలో అక్కడ తోలుకే కరువు. కర్ర, బెండు వంటివాటితో సరిపెట్టుకొన్నారు. ఆ బదులు సరుకు ఎన్నాళ్లు మన్నుతుందో చూడడానికి సాక్సెన్‌హౌసెన్ నిర్బంధ శిబిరంలో 1940 నుంచి ఖైదీలను రోజంతా నడిపించారు. అది చదివిన రోజున మాకు ఆ జోడు మళ్లీ ముట్టుకోబుద్ధి కాలేదు.

మరి ఇవి బరంపురం ఎలా చేరాయి? బర్మానుంచి వచ్చాక మామయ్య కొన్నేళ్లు రూర్కెలాలో గుమాస్తాగా ఉన్నాడు. క్రుప్, డెమాగ్ కంపెనీల తోడ్పాటుతో అక్కడ కట్టిన ఉక్కు కర్మాగారంలో మొదటి కొలిమిని 1959 ఫిబ్రవరి 3న రాజేంద్రప్రసాదుగారు ప్రారంభించారు. జర్మను ఇంజనీర్లు కుటుంబాలతో అక్కడే ఉండేవారు. ఆ దొరసానులలో ఎవరివో అయి ఉండాలి.

ఈ సంగతి తొంభై దాటిన చిన్నత్తయ్యకు చెప్పాము. ఆవిడకు కోపం వచ్చింది. "అప్ప అబద్ధమాడుతుందా?" అని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత జోడు చేతిలోకి తీసుకొని నెమ్మదిగా అంది: "రంగూను జోళ్లు ఇంఫాలు దారిలో తెగిపోయాయి నాయనా. ఉత్తకాళ్లతోనే వచ్చింది. ఇవి చూస్తే అవే జ్ఞాపకం వచ్చి కొనిపించుకొందేమో."

అడుగున ఎక్కడా అరుగుదల లేదు. ఆవిడ ఇవి ఒక్కనాడూ తొడిగినట్టు లేదు.