ఆనపకాయ వేలం

మా చర్చిలో కోత పండుగ నాడు ఆరాధన అయ్యాకే అసలు సందడి. వడ్ల గంపలు, చెరుకు గడలు, కాళ్లు కట్టేసిన కోడిపుంజు, అన్నీ ఒక్కొక్కటిగా వేలానికొస్తాయి. అయ్యగారు మైకు పట్టి ‘ఒకటోసారి’ అంటే చాలు, గుడంతా నవ్వులే.

మా వాడలో ఒంటరిగా ఉండే ఒక పెద్దమ్మ పెరటి పాదుకు కాసిన ఆనపకాయ తెస్తుంది. బజారు ధరకు పదింతలు పలుకుతుందది. పాడుకున్నాయన పైసలు కట్టేసి, ‘మళ్లీ పాడుండ్రి’ అని కాయ తిరిగిచ్చేస్తాడు. ‘నా కాయకే!’ అని ఆమె బోసినోటితో ఒకటే నవ్వు.

నిజానికి ఆమెకు నెలనెలా బియ్యం ఇచ్చేది మా స్త్రీల కూడికే. పూటపూటా ఎసట్లో పోసే ముందు పిడికెడు తీసి డబ్బాలో వేస్తాం, ఆదివారం తెచ్చి కలుపుతాం. మిజో సంఘాల్లోనూ 1910 నుంచి ఈ అలవాటుంది. పెద్దమ్మ కూడా తన డబ్బా తెస్తుంది. ‘నీకే ఇస్తున్నం గదా, నువ్వెందుకు తెచ్చుడు?’ అందొక కొత్త కోడలు. ‘తినుడే నా వంతా బిడ్డా? పెట్టుడు మీరొక్కలేనా?’ అంది పెద్దమ్మ.

యెరూషలేము పేదల కోసం చందా పోగుచేస్తూ పౌలు కొరింథు వాళ్లకు రాసిన రెండో ఉత్తరంలో, 8వ అధ్యాయంలో, ఇలాంటివాళ్లే కనిపిస్తారు. మాసిదోనియ సంఘాలవాళ్లు నిరుపేదలు. అయినా మాకూ పాలివ్వమని బతిమాలి మరీ, సంతోషంగా ఇచ్చారట. దయ అంటే పైనుంచి కిందికి జారేదనుకునే మనకు ఆ అధ్యాయం కాస్త ఇబ్బందే.

మెదక్ చర్చి సంగతీ అంతే. 1914లో పని మొదలైంది, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో మిషనరీ పాస్నెట్ దొర జనానికి ఆ పని చూపించి కూడు పెట్టాడని మా వైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. తిన్నవాళ్ల మనవలు ఆ గోడలు చూపించి ‘మా తాత కట్టిండు’ అంటారు గానీ, ‘మా తాతకు పెట్టిండ్రు’ అనరు.

చెట్టూ పాదూ లేనివాళ్లు మా పండుగకు పందిరి వేస్తారు, చాపలు పరుస్తారు. పోయినేడు ఒక పిల్లగాడు వేలంలో పోయిన వడ్ల బస్తాలన్నీ ఇళ్లకు మోసిచ్చాడు. అయ్యగారు కానుకల పుస్తకంలో అతని పేరు రాయించి, ఎదురుగా ‘మోత’ అని వేయించారు. రూపాయల గడిలో చిన్న గీత.