కుందేలు బొచ్చు రాలుతోందా? మందుకు ముందు కారణం తెలుసుకోండి

ముద్దుగా పెంచుకుంటున్న కుందేలు ఒంటిపై బొచ్చు అక్కడక్కడా ఊడిపోతుంటే యజమానికి తొలుత తట్టేది గజ్జి. కుక్కల పిడుదులకు వాడే చుక్కల మందో, పశువులకు వేసే సూది మందో తెచ్చి కొందరు తామే వైద్యానికి దిగుతారు. ఇక్కడే ప్రమాదం పొంచి ఉంది. గజ్జి పురుగు కుందేలును కుంగదీయడానికి వారాలు పడుతుంది. పొరపాటు మందు గంటల్లో, రోజుల్లోనే దాని ప్రాణం తీయగలదు. బొచ్చు రాలే ప్రతి కుందేలుకూ గజ్జి ఉన్నట్లు కాదు. గజ్జే అయినా, సరైన మందు సరైన మోతాదులో పడితే దాదాపుగా నయమయ్యే జబ్బే. ఈ రెండు విషయాలు తెలిస్తే అనవసరమైన మరణాలను నివారించవచ్చు.

అన్నీ గజ్జి కాదు..

కుందేలు సాధారణంగా ఏడాదికి రెండు లేదా అంతకు మించిన సార్లు పాత బొచ్చు వదిలి కొత్తది తొడుక్కుంటుంది. ఇది తల, మెడ దగ్గర మొదలై క్రమంగా వెనుక భాగానికి సాగుతుంది. ఆ సమయంలో బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడివచ్చినా అడుగున చర్మం శుభ్రంగా, నున్నగా ఉంటుంది. దురద ఉండదు. కొత్త వెంట్రుకలు మొలుస్తూ కనిపిస్తాయి. దీనికి ఏ మందూ అక్కర్లేదు. రోజూ మెత్తని బ్రష్‌తో దువ్వి, గడ్డి, నీరు సమృద్ధిగా ఇస్తే చాలు.

చూడి కుందేలు ఈనే సమయం దగ్గర పడగానే తన పొట్ట, గంగడోలు భాగాల్లోని బొచ్చును నోటితో పీకి పిల్లలకు పరుపు సిద్ధం చేస్తుంది. కుందేలు చూడి కాలం సుమారు 31 రోజులు. మగ కుందేలు తోడు లేకపోయినా, ఒక ఆడ కుందేలుపై మరొకటి ఎక్కడం వల్ల కొన్నిసార్లు ఉత్తుత్తి చూడి వస్తుంది. అటువంటప్పుడు 16 నుంచి 18 రోజుల తర్వాత పొట్ట బొచ్చు పీక్కోవడం సహజం. ఒకే గూటిలో కిక్కిరిసి ఉన్నప్పుడు, మేతలో పీచు చాలనప్పుడు ఒకదాని బొచ్చు మరొకటి కొరికేస్తుంది. అలాంటి చోట వెంట్రుకలు కత్తెరతో కత్తిరించినట్లు పొట్టిగా మిగులుతాయి. అడుగున చర్మం మామూలుగానే ఉంటుంది.

ఎక్కడ ఊడిందో చూడండి..

బొచ్చు ఊడిన చోటే సగం రోగనిర్ధారణ చేస్తుంది. కుందేలును వెలుతురులోకి తెచ్చి తల నుంచి తోక వరకు నిదానంగా పరిశీలించాలి.

చెవుల లోపల గోధుమ రంగు పక్కు పొరలు పొరలుగా పేరుకుని, కుందేలు తరచూ తల విదిలిస్తూ వెనుక కాలితో చెవి గోక్కుంటుంటే అది చెవి గజ్జి. సోరోప్టిస్ అనే పురుగు దీనికి కారణం. నిర్లక్ష్యం చేస్తే చెవి లోపలి భాగాలకు చీము పాకి, మెడ ఒక పక్కకు వంగిపోయే స్థితి రావచ్చు.

ముక్కు, పెదవులు, కళ్ల చుట్టూ, పాదాలు, గోళ్ల మొదళ్లలో బూడిద రంగు పక్కులు కట్టి, విపరీతమైన దురద ఉంటే అది చర్మంలో సొరంగాలు తొలిచే గజ్జి. సార్కోప్టిస్, నోటోయెడ్రిస్ జాతుల పురుగులు దీన్ని కలిగిస్తాయి. ఇవి కంటికి కనిపించవు. పెదవుల నొప్పితో కుందేలు మేత మానేసి చిక్కిపోతుంది. కుందేళ్ల పెంపకంలో ఎక్కువ నష్టం చేసేది ఈ రకమే.

మెడ వెనుక, వీపు, తోక మొదలు వద్ద బొచ్చు పలచబడి తెల్లని పొలుసులు చుండ్రులా రాలుతుంటే చెయిలెటియెల్లా అనే పురుగును అనుమానించాలి. ఇది చర్మంలోకి తొలుచుకుని పోదు, పైపైనే తిరుగుతుంది. పురుగులు కదిలినప్పుడు పొలుసులు సైతం కదులుతున్నట్లు కనిపించడంతో దీనికి ‘నడిచే చుండ్రు’ అని పేరు వచ్చింది.

ముఖం, చెవులు, పాదాలపై గుండ్రటి మచ్చలుగా బొచ్చు ఊడితే తామర కావచ్చు. ఇది పురుగు కాదు, బూజు వంటి శిలీంధ్రం. గజ్జి మందు దీనిపై పని చేయదు.

గడ్డం, గంగడోలు నిత్యం తడిగా ఉండి బొచ్చు ఊడితే పళ్లు పెరిగి చొంగ కారుతోందేమో చూడాలి. తోక కింద ఊడితే మూత్రం లేదా పల్చటి విరేచనం అంటుకుని చర్మం ఒరిసిపోయి ఉంటుంది. అక్కడ ఈగలు గుడ్లు పెట్టి పురుగు పడితే అది అత్యవసర పరిస్థితి. వెనుక కాళ్ల మడమల కింద బొచ్చు పోయి ఎర్రబడితే తప్పు ఇనుప తీగల నేలది. మెత్తని గడ్డి, చెక్క పలక వేయాలి.

నల్ల కాగితంతో పరీక్ష

ఇంటి వద్ద చేయదగిన చిన్న పరీక్ష ఒకటుంది. కుందేలును నల్ల కాగితం లేదా నల్లని గుడ్డపై ఉంచి వీపు బొచ్చును దువ్వాలి. రాలిన పొలుసులను వెలుతురులో కొద్దిసేపు గమనించాలి. తెల్లని చుక్కలు కదిలితే పురుగు ఉన్నట్లే. కదలకపోతే లేనట్లని మాత్రం చెప్పలేము. పారదర్శకమైన అంటుకునే టేపును బొచ్చు విడదీసి చర్మంపై అద్ది, దాన్ని పశువైద్యశాలకు తీసుకెళితే సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు. చర్మంలో తొలిచే గజ్జికి మాత్రం వైద్యుడే చర్మాన్ని సున్నితంగా గీకి నమూనా తీయాలి. కొన్నిసార్లు నమూనాలో పురుగు దొరకదు. అప్పుడు లక్షణాలను బట్టి చికిత్స మొదలుపెడతారు.

చికిత్స ఇలా..

కుందేళ్ల గజ్జికి ఎక్కువగా వాడే మందు ఐవర్‌మెక్టిన్. దీని ఆవిష్కరణకు గాను విలియం క్యాంప్‌బెల్, సతోషి ఒమురాలకు 2015లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. వైద్యులు దీన్ని చర్మం కింద సూదిగా ఇస్తారు. సాధారణ మోతాదు కిలో బరువుకు 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు. ఒక్క సూదితో పని పూర్తి కాదు. మందు బతికున్న పురుగులను చంపుతుంది కానీ గుడ్లను చంపదు. ఆ గుడ్లు పొదిగి వచ్చే కొత్త తరాన్ని అంతమొందించేందుకు 10 నుంచి 14 రోజుల ఎడంతో రెండు లేదా మూడు సార్లు ఇవ్వాలి. మొదటి సూదికే దురద తగ్గిందని రెండోది మానేస్తే జబ్బు తిరిగి వస్తుంది.

మెడ వెనుక చర్మంపై చుక్కగా వేసే సెలామెక్టిన్‌ను కూడా వైద్యులు కుందేళ్లకు వాడుతున్నారు. దాని మోతాదు కూడా బరువును బట్టి వైద్యుడే నిర్ణయించాలి.

చెవి గజ్జిలో పక్కులను బలవంతంగా పీకరాదు. అడుగున పుండు ఉంటుంది, నొప్పి భరించరానిది. మందు పని చేయడం మొదలయ్యాక పక్కులు వాటంతట అవే ఎండి రాలిపోతాయి.

చుక్కలోనే ఉంది లెక్క

పశువుల కోసం అమ్మే ఒక శాతం ఐవర్‌మెక్టిన్ ద్రావణంలో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. పశువులకు 50 కిలోల బరువుకు ఒక మిల్లీలీటరు చొప్పున ఇస్తారు. ఇదే లెక్కన 2 కిలోల కుందేలుకు పడాల్సింది 0.04 మిల్లీలీటరు, అంటే ఒక చుక్క కంటే తక్కువ. గరిష్ఠ మోతాదైనా 0.08 మిల్లీలీటరు మించదు. ‘కొద్దిగానే కదా’ అనుకుని సిరంజిలో అర మిల్లీలీటరు తీస్తే అవసరమైన దానికి ఆరు నుంచి పన్నెండు రెట్లు ఎక్కించినట్లు. మోతాదు మించితే కుందేలు మందకొడిగా మారి, తూలి, స్పృహ కోల్పోవచ్చు. అందుకే ముందుగా కుందేలును తూకం వేయాలి. కంటి అంచనా పనికిరాదు. సూది మందును వైద్యుడి చేతనే వేయించాలి.

ఇవి ప్రాణాంతకం

కుక్కలు, పిల్లుల మెడపై వేసే ఫిప్రోనిల్ చుక్కల మందును కుందేలుకు ఎట్టి పరిస్థితుల్లోనూ వాడరాదు. కుందేళ్లకు వాడవద్దని తయారీదారులే హెచ్చరిస్తారు. ఇది మేత మానడం, వణుకు, మూర్ఛలు, చివరకు మరణానికి దారి తీస్తుంది. పొరపాటున వేసి ఉంటే కుందేలు నాకకుండా చూసి, ఆ భాగాన్ని వెంటనే సబ్బు, గోరువెచ్చని నీటితో కడిగి, పూర్తిగా తుడిచి వైద్యుడి వద్దకు తీసుకెళ్లాలి.

పశువుల ఒంటికి పూసే పిడుదుల మందులు, పురుగుల మందులు, కిరోసిన్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ వంటివి పూయరాదు. కుందేలు నిత్యం ఒళ్లు నాక్కునే జీవి. పూసినదంతా కడుపులోకే పోతుంది. కర్పూరం కలిపిన నూనెకూ ఇదే వర్తిస్తుంది.

మనుషుల చర్మానికి వాడే స్టెరాయిడ్ కలిసిన పూత మందులు దురదను తాత్కాలికంగా అణచినా, గజ్జిని, తామరను లోలోపల పెంచుతాయి. ఇంట్లో మిగిలిన అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్ వంటి యాంటీబయాటిక్స్‌ను నోటి ద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులు నశించి, తీవ్ర విరేచనాలతో మరణించే ప్రమాదం ఉంది.

గజ్జి పోతుందని కుందేలును నీళ్లలో ముంచి స్నానం చేయించడమూ తగదు. భయంతో గింజుకుని వెన్నెముక విరగ్గొట్టుకున్న కుందేళ్లు ఉన్నాయి. తడిసిన బొచ్చు త్వరగా ఆరక ఒళ్లు చల్లబడుతుంది.

గూడునూ శుద్ధి చేయాలి

కుందేలుకు మందు వేసి గూడును వదిలేస్తే శ్రమ వృథా. చెవి గజ్జి పురుగు అనుకూల వాతావరణంలో కుందేలు ఒంటిని వీడి మూడు వారాల వరకు బతకగలదు. అందుచేత పరుపు గడ్డిని తీసి కాల్చివేయాలి. గూడును, నీటి పాత్రలను వేడినీటితో రుద్ది కడిగి ఎండలో ఆరబెట్టాలి. ఇనుప తీగల గూళ్లను ఖాళీ చేశాక మంటతో కాల్చి శుద్ధి చేసే పద్ధతి పెంపకందారులకు తెలిసిందే. చికిత్స ముగిసే వరకు వారానికోసారి ఇలా చేయాలి. లక్షణాలు లేకపోయినా ఇంట్లోని కుందేళ్లన్నింటికీ ఒకేసారి మందు పడాలి. కొత్తగా కొన్న కుందేలును మూడు వారాలు వేరుగా ఉంచిన తర్వాతే పాతవాటిలో కలపాలి.

మాంసం కోసం పెంచేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. మందు పడిన కుందేలును వైద్యుడు చెప్పిన గడువు పూర్తయ్యే వరకు కోయరాదు, అమ్మరాదు.

మనుషులకూ సోకవచ్చు

కుందేలును ఒళ్లో పెట్టుకుని ఆడించే పిల్లల ముంజేతులు, పొట్టపై ఎర్రని దద్దుర్లు, దురద వస్తే కుందేలును పరీక్షించాలి. సార్కోప్టిస్, చెయిలెటియెల్లా పురుగులు మనుషులనూ కుడతాయి. ఇవి మన ఒంటిపై ఎక్కువ కాలం నిలవవు. కుందేలుకు నయమైతే సాధారణంగా దద్దుర్లూ తగ్గుతాయి. తామర మాత్రం మనుషుల్లో వ్యాపిస్తుంది కనుక చర్మవైద్యుడిని కలవాలి. జబ్బు ఉన్న కుందేలును తాకిన తర్వాత సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి.

మూలం మరోచోట ఉండవచ్చు

బొచ్చులో కొద్దిపాటి పురుగులు ఉన్నా, ఆరోగ్యవంతమైన కుందేలు రోజూ నాక్కుని శుభ్రం చేసుకుంటూ వాటిని అదుపులో ఉంచుతుంది. చుండ్రు ఉన్నట్టుండి పెరిగిందంటే అది ఒళ్లు నాక్కోలేకపోతోందని అర్థం. అతి బరువు, పళ్ల నొప్పి, నడుము నొప్పి, వృద్ధాప్యం ఇందుకు కారణాలు. గజ్జి పదేపదే తిరగబెడుతుంటే మందు మార్చడం కాదు, పళ్లు, బరువు చూపించాలి. మేతలో ప్రధాన భాగం గడ్డే ఉండాలి. దాణా, బియ్యం, రొట్టె ముక్కలు పీచుకు ప్రత్యామ్నాయం కావు.

ఆలస్యం వద్దు..

కుందేలు మేత మాని, పెంటికలు వేయడం ఆగి సగం రోజు గడిచినా, మెడ వంగినా, మూర్ఛ వచ్చినా, పుండులో పురుగులు కనిపించినా వెంటనే పశువైద్యుడికి చూపించాలి. స్థానిక పశువైద్యశాలలో కుందేళ్లకు వైద్యం చేసే వీలు లేకపోతే తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, రాజేంద్రనగర్, కోరుట్ల తదితర చోట్ల ఉన్న పశువైద్య కళాశాలల్లో సంప్రదించవచ్చు. 30 డిగ్రీలు దాటిన ఎండ కుందేలుకు భారమే. వేసవిలో ఉదయం చల్లని వేళ, గాలి ఆడే బుట్టలో గడ్డి పరిచి తీసుకెళ్లాలి. దాని బరువు, బొచ్చు ఊడటం మొదలైన తేదీ, ఇప్పటికే వాడిన మందు పేరు కాగితంపై రాసుకుని వెళితే వైద్యుడి పని సులువవుతుంది. ముఖ్యంగా వాడిన మందును దాచరాదు. విరుగుడు చికిత్స దానిపైనే ఆధారపడి ఉంటుంది.