కలహారి బాట: అపోహలు – వాస్తవములు

కేప్‌టౌన్‌లో బయలుదేరి నమీబియా, బోట్స్వానాల మీదుగా విక్టోరియా జలపాతము వరకు నేలబాటనే సాగెడి యాత్రకు మన తెలుగువారును కొందరు పోయి వచ్చుచున్నారు. వారు చెప్పు ముచ్చట్లలో సింహములకును ఎండకును దొరికినంత చోటు నిజమునకు దొరకకపోవుటచే, పాలమూరు సీమ ఆత్మకూరులో రచ్చకట్టపై కూర్చుండి వినువాని మనస్సులో ఆ సీమ మండుటిసుక, మృగములు, ఏకరాజ్యము అను మూడు మాటలతో ముగిసిపోవుచున్నది.

ఏకరాజ్యమను మాట ముందుగా తీసివేయవలెను. దక్షిణాఫ్రికా ఒక దేశము మాత్రమే. దాని పొరుగున బోట్స్వానా 1966లో, జింబాబ్వే 1980లో, నమీబియా 1990లో స్వతంత్రములైనవి. ఎండ సంగతియు నంతే. మన జూన్, జూలై నెలలు వారికి చలికాలము. సుమారు 1,750 మీటర్ల యెత్తున నున్న జొహానెస్‌బర్గులో అప్పుడు తెల్లవారుజామున పచ్చికపై మంచు గడ్డకట్టును. నూలుచొక్కాలు మాత్రమే మూటగట్టుకొని పోయినవారు అక్కడి దుప్పట్ల వర్తకునికి మంచి బేరము.

కలహారి యనగా గడ్డిపోచ మొలవని ఇసుకమేట యనుట మరియొక అపోహ. ఇసుక నిజమే, కాని దానిపై గడ్డియు, తుమ్మజాతి ముండ్లచెట్లును, వాని నడుమ మేకల మందలును కనబడును. పాలమూరు మెట్టను చూచిన కంటికి అది పరాయినేలగా తోపదు. రాత్రివేళ బండి నడుపువానికి భయము సింహమువలన గాక, దారికడ్డముగా నిలిచిన గాడిదవలన కలుగును. బోట్స్వానాలో నడుమనడుమ పశువైద్యశాఖవారి కంచెలు, గేట్లు వచ్చును: బండి మందునీటి గుంటలోనుండి దాటవలెను, దిగినవారు మందుతో తడిపిన పట్టాపై చెప్పులు అద్దవలెను, వెంట పచ్చిమాంసమున్నచో విడువవలెను. యాత్రికులు దీనిని వేధింపని విసుగుకొందురు. అడవిదున్నలనుండి మందలకు గాలికుంటు సోకకుండ చేసిన కట్టడి యది. ఎద్దు గిట్టలు పుండ్లుపడి దుక్కి నిలిచిన రైతునకు దాని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అన్నిటికంటె ఆశ్చర్యముగా చెప్పబడునది ఓకవాంగో నది వరద. చినుకు లేని నడిచలికాలమున ఎండిన నేలపైకి నీరు ప్రాకివచ్చుట చూచి దైవమాయ యనువారు కలరు. జనవరి, ఫిబ్రవరులలో అంగోలా మెట్టలపై కురిసిన వాన నమీబియా కొసను దాటి బోట్స్వానా చేరి, 250 కిలోమీటర్లకు 60 మీటర్లు మాత్రమే దిగు చదునునేలపై పరచుకొనుటకు నెలలు పట్టుటచే, జూన్, జూలై నాటికి గాని మౌన్ పట్టణపు దరికి రాదు. మాయ యింతే. మన చేను బీటలు వారియున్నను, మహాబలేశ్వరము వైపు వానలు ముదిరిన కృష్ణపై జూరాల గేట్లు ఎత్తుదురని యెరిగిన ఆత్మకూరువారికి ఇది బోధపడుటకు పండితు డక్కరలేదు. భేదమొక్కటి: కృష్ణ సముద్రము చేరును, ఓకవాంగో చేరదు, దాని నీరు అధికభాగము ఆవిరియై పోవును.

తిండి గూర్చియు వింతకథలే. బోట్స్వానావారి బొగోబె జొన్నపిండిని ఎసటిలో కలియబెట్టి ఉడికించునది, అనగా మన గట్కకు దగ్గర చుట్టము. జొన్న పుట్టినిల్లే ఆఫ్రికా.

తెలుగువారు దక్షిణాఫ్రికాకు నిన్నమొన్న కొలువులకై పోయినవారే యనుటయు సరికాదు. మదరాసు రేవు విడిచిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న దర్బన్ చేరినది; 1911 వరకు చెరకుతోటలు మొదలగు పనులకై, దర్బన్ రేవు గల నాటాలుకు చేరిన 1,52,000 పైచిలుకు కూలీలలో విశాఖ, గోదావరి, గంజాం, ఉత్తర ఆర్కాటు సీమల తెలుగువారును కలరు. వారి సంతతివారు 1931లో ఆంధ్ర మహాసభను నెలకొల్పుకొనిరి. కలహారి బాట దర్బన్ మీదుగా పోదు. అయినను తెలుగు యాత్రికులు రెండు దినములు అధికముగా పెట్టుకొని అటు పోయి రావలెను.