పేరు పొందూరుది... బేరం ఎవరిదో!

పొందూరు: కొండపత్తిని వాలుగ చేప దవడతో ఏకి, నూరో నంబరు నూలు చేత్తో వడికే ఊరు పొందూరు. ఇక్కడి పంచె మీద పెద్దపెద్దవాళ్లు మనసు పడ్డారు. సినీనటుడు అక్కినేని నాగేశ్వరరావు పొందూరు పంచె కట్టేవారన్న సంగతి జిల్లాలో పిల్లలకు సైతం తెలుసు. ఆ ముచ్చట ఇప్పుడు ఫోన్లలోకి ఎక్కింది. ఫేస్‌బుక్‌లో ఒకరు చీర ఫొటో పెడతారు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఇంకొకరు ధర ఎంతని అడుగుతారు. అసలుదో, నకిలీదో ఎలా తెలుస్తుందని మరొకరి సందేహం. ఈ మాటలు వడికే అమ్మల చెవిన పడతాయా అంటే, పడే దారి లేదు. రాట్నం ముందు కూర్చున్న వారిలో ఎక్కువమంది వయసు మళ్లిన ఆడవారే మరి.

చెదిరిన ఈ మాటలను ఒక్కచోటికి పోగుచేసే సాధనాలు వచ్చి చాలాకాలమే అయింది. ఇదేదో అర్థంకాని విద్య అనుకోనక్కరలేదు. జిల్లా పౌర సంబంధాల కార్యాలయంలో పొద్దున్నే పేపర్లన్నీ తిరగేసి, జిల్లా వార్తలు కత్తిరించి, కలెక్టరు బల్ల మీద పెట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. ఆ కత్తెర పనినే ఇప్పుడు యంత్రం చేస్తోంది. మనం ఒక పేరు చెప్పి ఉంచితే చాలు, ఆ పేరు కనబడిన ప్రతి చోటూ ఏరి తెస్తుంది. గూగుల్ అలర్ట్స్ 2003లో వచ్చింది. పైసా ఖర్చు లేదు, మెయిల్‌కు కబురు పంపుతుంది. హూట్‌సూట్ 2008లో వచ్చింది. నాలుగైదు ఖాతాలను ఒకే తెర మీద చూసి, అక్కడి నుంచే జవాబివ్వవచ్చు. దానికి మాత్రం సొమ్ము కట్టాలి.

పేరు చెప్పడంలోనే ఒక చిక్కుంది. పొందూరును ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒకరు చివర 'యు' అక్షరం పెడతారు, ఒకరు తీసేస్తారు. ఖద్దరు అని కొందరు, ఖాదీ అని కొందరు. తెలుగులో రాసేవారు వేరు. ఇవన్నీ విడివిడిగా చెప్పి ఉంచకపోతే సగం మాటలు జారిపోతాయి. వాట్సాప్ గ్రూపుల్లో జరిగే బేరం ఏ సాధనానికీ చిక్కదు.

ఇలా వెతికితే ఫలితం ఉంటుందా? 2020లో ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ వెతికించింది. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, స్నాప్‌డీల్‌లలో ఖాదీ పేరుతో వేరే సరుకు అమ్ముతున్న 160కి పైగా లింకులను తీయించింది. ఖాదీ మార్కు లేకుండా ఖాదీ అని అమ్మరాదని 2013 నాటి నిబంధనలు ఉండనే ఉన్నాయి. అయితే ఎక్కడో దూరాన కూర్చున్నవారికి మరమగ్గం గుడ్డకూ, పొందూరు గుడ్డకూ తేడా ఫొటోలో తెలుస్తుందా? నేసిన చేతికైతే అంచు చూడగానే తెలుస్తుంది. పోగుచేసిన మాటలు పొందూరుకే చేరాలనడం ఇందుకే.

ప్రచారానికి కొదవలేదు. 2016 ఆగస్టులో అప్పటి కేంద్ర జౌళిమంత్రి స్మృతి ఇరానీ 'నేను చేనేత కడతాను' అన్న అర్థం వచ్చే హ్యాష్‌ట్యాగ్‌తో ట్విట్టర్‌లో పిలుపునిస్తే దేశమంతా చేనేత ఫొటోలు వెల్లువెత్తాయి. ఒకే గుర్తు కింద రావడంతో అన్నీ ఒక్కచోట దొరికాయి. 2021 ఆగస్టు 7న జాతీయ చేనేత దినోత్సవానికి కేంద్ర ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ పొందూరే వచ్చారు. ఆ నాలుగు రోజులూ ఊరి పేరు మారుమోగింది. ఆ సందడిలో ధర అడిగిన వారి చిట్టా రాసి ఉంచుకుంటే, మరుసటి ఆగస్టుకు కొనుగోలుదారులు సిద్ధంగా ఉన్నట్టే. బొబ్బిలి వీణకైనా, బుడితి కంచు సామానుకైనా ఇదే వరస.

కాకపోతే, అరువు కత్తెరతో ఇబ్బందులూ ఉన్నాయి. ట్వీట్‌డెక్ చాలా ఏళ్లు ఉచితంగా దొరికి, 2023లో సొమ్ము కట్టేవారికే పరిమితమైంది. ఫేస్‌బుక్ వారి క్రౌడ్‌టాంగిల్‌ను 2024 ఆగస్టు 14న ఏకంగా మూసేశారు. కాబట్టి అడిగినవారి పేర్లూ, ఊళ్లూ ఒక పుస్తకంలో ఎక్కించుకోవడం ఉత్తమం.

ఇంకో సంగతి. 2018లో కేంద్ర సమాచార శాఖ ప్రతి జిల్లాలోనూ మనుషులను పెట్టి జనం మాటలు పోగుచేసే 'సోషల్ మీడియా కమ్యూనికేషన్ హబ్' తలపెట్టింది. ఇది నిఘా రాజ్యం కాదా అని సుప్రీంకోర్టు ప్రశ్నించడంతో ఆగస్టులో వెనక్కు తీసుకుంది. గుడ్డ గురించి ఏమంటున్నారో వినడం వేరు, మనిషి ఏమంటున్నాడో కాపలా కాయడం వేరు.

పొందూరులో 1949 నుంచి ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఉంది. ఇంటర్ చదివిన ఊరి అమ్మాయి ఒకరికి ఈ పని అప్పగిస్తే పొద్దున అరగంట చాలు. నకిలీ కనబడితే కమిషన్‌కు రాయడం, ధర అడిగితే అదే రోజు జవాబివ్వడం. ఆ అరగంటకు కూలి ఎవరిస్తారన్నది సంఘమూ, అధికారులూ తేల్చవలసి ఉంది.